పిల్లని కచేరీకి తీసుకెళ్ళు

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావురా, చిన్నది రాత్రిళ్ళు కాస్త నిద్రపోనిస్తోందా? మొన్న ఫోన్లో అడిగావు కదా, ఎనిమిది నెలల పిల్లకి కచేరీ ఏం తెలుస్తుంది, మధ్యలో గుక్కపెడితే అందరూ మనవైపే గుర్రుగా చూస్తారు అని, అప్పుడు ఆఫీసులో ఉండి ఏదో అనేసి పెట్టేశా, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, టీ పెట్టుకుని చదువుకో.

తీసుకెళ్ళరా. కాకపోతే ఆడుతుందేమో అని మాత్రం ఎదురుచూడకు. మనవాళ్ళకి ఇదో పిచ్చి, పాట మొదలవగానే పిల్లల చేతులు పట్టుకుని ఊపేస్తారు, "ఆడమ్మా ఆడు, మావయ్యకి చూపించు" అని. నేను చూసినంతలో పిల్లలు ముందు చేసేది అదికాదు, బిగుసుకుపోయి చూడ్డం. అమలాపురంలో మా పిన్ని కూతురి పెళ్ళిలో మావాడు చేసింది అదే, అప్పటికి వాడికి ఏడాది దాటింది. సన్నాయి మేళం వాళ్ళు మండపం పక్కనే కూర్చున్నారు, వీణ్ణెత్తుకుని దగ్గరకెళ్ళి కూలబడ్డా. నోరు తెరిచింది తెరిచినట్టే, చేతిలో పూతరేకు నలిగి నా చొక్కా మీద రాలిపోతోంది, చూపు మాత్రం డోలాయన కుడిచేతి మీదే, ఆ వేళ్ళకి తెల్లగా గట్టి తొడుగులుంటాయి చూశావూ, వాటి మీద. కాసేపటికి సన్నాయాయన ఉబ్బిన బుగ్గల మీదికి మళ్ళాడు, ఆ తర్వాత సన్నాయికి దారంతో వేలాడే, ఊదడానికి పెట్టుకునే విడి పీకల మీదికి. మా అత్తయ్య వచ్చి "వీడికి నచ్చినట్టు లేదురా, ఉలుకూ పలుకూ లేదు" అంది. ఆ సాయంత్రమే విడిదింట్లో స్టీలు గిన్నె బోర్లించి ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో ఉత్తి వేళ్ళు పెట్టి మొదలెట్టాడు. డోలాయన ఒక చేత్తో పుల్ల, రెండో చేత్తో వేళ్ళు వాడతాడు కదా, అదన్నమాట. అత్తయ్య మాట్లాడితే ఒట్టు.

దీని మీద బాగానే పరిశోధనలు జరిగాయిరా. కెనడాలో హామిల్టన్ అనే ఊళ్ళో మెక్‌మాస్టర్ యూనివర్సిటీకి లైవ్‌ల్యాబ్ అని ఒక హాలుంది, కచేరీలూ జరుగుతాయి, కూర్చున్నవాళ్ళ గుండె ఎలా కొట్టుకుంటోందో కూడా కొలుస్తారు. 6 నుంచి 14 నెలల పిల్లల్ని కొందర్ని అక్కడ కూర్చోబెట్టి పసిపిల్లల కోసం చేసిన చిన్న ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకం, చూపించారు, ఇంకొందరికి అదే ప్రదర్శన రికార్డింగ్ చూపించారు. 2023లో ఫలితం రాశారు, ఎదురుగా చూసినవాళ్ళు ఎక్కువసేపు కళ్ళు తిప్పలేదట, పైగా వాళ్ళ గుండె వేగం ఒకళ్ళతో ఒకళ్ళకి కలిసి పెరుగుతూ తగ్గుతూ వచ్చిందట. ఒళ్ళో కదలకుండా కూర్చున్న పిల్ల లోపల ఇంత నడుస్తోంది!

ఆడడం కూడా ఉంది, కాదన్ను. 5 నెలల నుంచి రెండేళ్ళ దాకా పిల్లల్ని పరిశీలించి 2010లో ఒక పరిశోధన పేపర్ వచ్చింది, మాటలు వినిపిస్తే అంత కదలరు, దరువుంటే కదుల్తారు, దరువు వేగం పెరిగితే కదలికా పెరుగుతుంది. తాళానికి పూర్తిగా పడదు, కానీ కాస్త పడినవాళ్ళు ఎక్కువ నవ్వారట. అందుకని చేతులు పట్టుకుని ఊపకు, ఎత్తుకుని నువ్వే లయకి మెల్లగా ఊగు, చాలు.

జాగ్రత్తపడాల్సింది సౌండ్ దగ్గర. ఆ పెళ్ళిలోనే, పొద్దుట్నించి మేళం పక్కనే ఉన్న మావాడు, పంతులుగారు గట్టిమేళం అనగానే ఒక్కసారి అదిరిపడి ఏడుపందుకున్నాడు. వాడికి మేళం కొత్తకాదు, ఉన్నట్టుండి పెరగడం కొత్త. అది రెండు నిమిషాల్లో సర్దుకుంది. రాత్రి డీజే అలా కాదు, స్పీకర్ డబ్బాల దగ్గర నిలబడితే నాకే పక్కటెముకలు అదిరాయి, మేం భోజనాలయ్యాక వాణ్ణి తీసుకుని వెళ్ళిపోయాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) లెక్కలో పిల్లలకి సౌండ్ 75 డెసిబెల్స్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, సౌండ్ పెరిగేకొద్దీ ఆ టైం వేగంగా తగ్గిపోతుంది. మనవాళ్ళ డీజేలకి ఇదంతా ఎక్కడ పడుతుందిలే.

నువ్వు శిల్పారామానికే తీసుకెళ్ళు, యాంఫీథియేటర్ పైకప్పు లేకుండా ఉంటుంది కాబట్టి సౌండ్ మీద పడదు, ఏడిస్తే లేచి అలా నడిచిరావచ్చు. మరీ వెనక కూర్చోకు, వాయించేవాళ్ళ చేతులు కనపడాలి, అలాగని స్పీకర్ ముందూ వద్దు, ఓ పక్కగా చూసుకో. నిద్ర టైం కాకుండా, పాలు పట్టాకే బయల్దేరండి. చెవులు మొత్తం కప్పే పిల్లల ఇయర్‌మఫ్స్ ఆన్‌లైన్లో దొరుకుతాయి, మేం కొన్న వాటి లింక్ వాట్సాప్‌లో పెడతా. ఇంకోటి, వీడియో తీయకు, తీశావా పిల్ల స్టేజీ వదిలేసి నీ ఫోనే చూస్తుంది.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. వెళ్ళొచ్చాక ఫోన్ చెయ్యి.

నీ
శీను