పది రోజులైంది చిన్నీ

చిన్నీకి,

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పెరట్లో గుమ్మడిపాదు గోడెక్కి పక్కింటి వైపు కాస్తోంది. నువ్వు ఫోన్ చేసి పది రోజులైంది. పరీక్షలేమోనని ఊరుకున్నాను.

ఇటలీలో ఆ లాక్విలా చుట్టుపక్కల లోయలూ ఊళ్లూ తిరుగుతున్నావని స్వాతి చెప్పింది. తిరుగు, వద్దనను. 1,460 మీటర్ల ఎత్తున రొక్కా కలాషో కోట ముందు నువ్వు దిగిన ఫొటో అమ్మ ఫ్రిజ్‌కి అంటించుకుంది. నవెల్లిలో కుంకుమపువ్వు తెల్లారకముందే, పువ్వు విచ్చుకోకముందే కోస్తారని నువ్వు చెప్పినప్పటి నుంచి పరమాన్నంలో పోగులు లెక్కపెట్టి మరీ వేస్తోంది. కొకుల్లో ఊళ్లో మే 1న సాధువు విగ్రహానికి పాముల్ని చుట్టి ఊరేగిస్తుంటే నువ్వొకటి చేత్తో పట్టుకున్నావే, ఆ సంగతి మాత్రం ఆవిడకింకా చెప్పలేదు. విషం లేనివే అయినా అలాంటివి వద్దమ్మా.

నా టెన్షనంతా ఆ గొర్రెల బాట గురించే. లాక్విలా నుంచి ఫొజ్జా దాకా 244 కిలోమీటర్లట, నువ్వు ఒక్కదానివే నడుస్తున్నావట. చలికాలం ముందు కాపర్లు మందల్ని పూలియా మైదానాలకు తోలుకెళ్లిన దారి అది. అప్పుడు తోడుగా మందలుండేవి, మనుషులుండేవాళ్లు. ఇప్పుడు దారి తప్పితే ఎవరినడుగుతావు?

1991లో నేనూ మీ రాజు బాబాయీ అహోబిలం వెళ్లాం. ఎగువ అహోబిలం నుంచి దిగేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోయింది. ఆళ్లగడ్డకు నడిచేద్దామన్నాడు బాబాయి. రెండు గంటలకు వాడి చెప్పు తెగింది. చీకట్లో కుక్కలు మీదికొచ్చాయి. చేలో మంద తోలుకున్న కాపరి కేకేసి వాటిని ఆపాడు. తన సంకటి ముద్దలో సగం మాకు పెట్టి, గొంగడి ఇచ్చాడు. రాత్రంతా అది గుచ్చుకుంటూనే ఉంది, చుట్టూ గొర్రెల వాసన. మర్నాడు నంద్యాల చేరేసరికి మీ నాయనమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. నన్నొక్క మాటా అనలేదు. ఎస్టీడీ బూత్ నుంచి పక్కింటికి ఫోన్ చేయాలన్న ఆలోచన కూడా రాలేదు నాకు.

తిరుగు బస్సు ఎన్నింటికో వెళ్లేటప్పుడే అడుగు. 2009 ఏప్రిల్ 6 భూకంపంలో సాంటో స్టెఫానో ఊరి బురుజే కూలిపోయిందన్నావు, పాత గోడల కింద కూర్చోకు. ఊలు మేజోళ్లు రెండు జతలు వేసుకో. పవర్ బ్యాంక్ మర్చిపోకు.

నా మెసేజ్‌కి ఇంకా ఒక్క టిక్కే ఉంది. ఈ మెయిల్ చూడగానే ఫోన్ చెయ్యి, ఏ రాత్రయినా సరే. తలగడ పక్కనే పెట్టుకుంటున్నాను.

నాన్న