193 నుంచి 208 వరకు పేజీలు లేని నవల గురించి ఫిర్యాదు

కడప,
2025 జూలై 28.

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: అసలు ముద్రణ అని అమ్మిన ‘డాక్టర్ హూ’ (ఈ పేరు గల బ్రిటిష్ టీవీ సీరియల్ పాత్రలతో రాసిన) నవలలో 16 పేజీలు లేకపోవడం, దాన్ని వాపసు తీసుకోవడానికి మీ సంస్థ నిరాకరించడం.

ఆర్యా,

మీ సైటులో ‘కొత్త ప్రతి, అసలు ముద్రణ’ అని రాసి ఉండటం చూసి, 899 రూపాయలు ముందుగానే చెల్లించి నేను తెప్పించుకున్న నవల జూన్ 3న కడపలోని మా ఇంటికి చేరింది. పైకి చూస్తే లోపమేమీ కనబడలేదు. జూన్ 12న బడులు తెరిచారు. నేను ఉపాధ్యాయురాలిని కాబట్టి, ఆ తరువాత రాత్రిపూట పది పదిహేను పేజీలకు మించి చదవడం కుదరక, 192వ పేజీకి చేరేసరికి జూన్ 21 అయింది.

ఆ పేజీ చివరి వాక్యం సగంలో ఆగి ఉంది. పాత్ర ఒకటి తలుపు గడియ మీద చెయ్యి వేసింది. పేజీ తిప్పితే అదే పాత్ర, అంతకుముందే ముగిసిపోయిన సంభాషణలోకి మళ్లీ వచ్చి కూర్చుంది. కాలంలో ముందుకూ వెనక్కూ తిరిగే డాక్టరు కథ గనుక రచయిత కావాలనే కాలాన్ని వెనక్కి తిప్పాడేమోనని, రెండు పేజీలు మెచ్చుకుంటూ చదివానని ఒప్పుకోవడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. మూడో పేజీలో అనుమానం వచ్చి అడుగున అంకె చూస్తే 179. 177 నుంచి 192 వరకు పేజీలు రెండోసారి వచ్చాయి. వాటి వెనక నేరుగా 209వ పేజీ ఉంది.

మరునాడు ఏడు రోడ్ల దగ్గర మా బడి రిజిస్టర్లు కుట్టే బైండరుకు ఆ పుస్తకం చూపించాను. ఆయన వెన్ను వైపు వేలితో నొక్కి, ఫారాలు (పెద్ద కాగితాన్ని మడిచి చేసిన పేజీల కట్టలు) లెక్కపెట్టి, “ఒగ ఫారం రెండు తూర్లు పడింది మేడమ్, దాని యెనకది పడనే లేదు” అన్నారు. 16 పేజీల ఫారాలను వరుసగా పేర్చేటప్పుడు ఇలాంటి పొరపాటు ఏ ప్రెస్సులోనైనా జరగవచ్చు, అంతమాత్రానికి నేను ఇంత పెద్ద లేఖ రాసేదాన్ని కాదు. అయితే అట్ట మీది అక్షరాల అంచులు చెదిరి ఉండటాన్నీ, లోపలి పంక్తులు చాలా పేజీల్లో ఒక పక్కకు వాలి ఉండటాన్నీ చూపించి, ఇది వేరొక ప్రతిని స్కాన్ చేసి అచ్చు వేసిన పుస్తకమని కూడా ఆయనే చెప్పారు. కొన్నేళ్ల కిందట హైదరాబాదులో ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న ఇదే వరుసలోని మరో నవలను పక్కన పెట్టి చూశాను. అది పాతబడి, అట్ట నలిగి ఉన్నా అందులో అక్షరం స్పష్టంగా ఉంది, పేజీలన్నీ ఉన్నాయి.

జూన్ 22న మీకు ఫొటోలతో సహా ఫిర్యాదు పంపాను. అందిన 7 రోజుల్లోగా తెలపలేదు కనుక వాపసు కుదరదని ఒకే జవాబు మూడుసార్లు వచ్చింది. గాజు గ్లాసు పగిలి ఉంటే పెట్టె తెరవగానే తెలుస్తుంది. నవలలో 193వ పేజీ లేదన్న సంగతి 192 పేజీలు చదివిన వారికే తెలుస్తుంది, అది వారంలో చదివి తీరాలన్న షరతు మీ సైటులో ఎక్కడా లేదు.

జూలై 1న ఫోన్‌లో మాట్లాడిన మీ ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు గాని, “టీవీ సీరియల్ పుస్తకమే కదా మేడమ్, ఆ ఎపిసోడ్ ఆన్‌లైన్‌లో చూసేయండి” అని సలహా ఇచ్చాడు. నన్ను ఎక్కువగా బాధించింది ఈ మాటే. 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైన ఆ ధారావాహిక 1989లో ఆగిపోయింది. 1996లో ఒక్క టెలివిజన్ చిత్రం వచ్చి, డాక్టరు పాత్రను వరుసగా వేసిన నటుల్లో ఎనిమిదోవాడైన పాల్ మెక్‌గాన్ ‘ఎనిమిదో డాక్టరు’గా కనిపించినా అది సీరియల్‌గా కొనసాగలేదు. 2005లో మళ్లీ ప్రసారం మొదలయ్యేదాకా తెర మీద లేని ఆ ఎనిమిదో డాక్టరును 1997 నుంచి వెలువడిన నవలలు బతికించాయి. నేను కొన్నది ఆ వరుసలోదే. అది తెర మీది కథను పుస్తకంగా మార్చి రాసినది కాదు, నవలగానే పుట్టిన కథ. ఆ తలుపు వెనక ఏముందో ఏ ఎపిసోడ్‌లోనూ దొరకదు. ఆ మాటకొస్తే, ఎపిసోడ్లను నవలలుగా మార్చిన పుస్తకాల విషయంలోనూ ఈ సలహా అన్నిసార్లూ పనికిరాదు. 1960ల నాటి ఎపిసోడ్ల టేపులను బీబీసీయే చాలావరకు చెరిపివేసింది. ఆ సీరియల్ రచయితల్లో ఒకరైన టెరెన్స్ డిక్స్ ఒక్కరే అరవైకి పైగా కథలను నవలలుగా రాశారు. వీడియో క్యాసెట్లు ఇళ్లకు రాని కాలంలో అభిమానులు పాత కథలను తెలుసుకున్నది అలాంటి పుస్తకాల వల్లనే.

లోపమున్న వస్తువును గాని, నకిలీ వస్తువును గాని వాపసు తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించాలని కూడా వాటిలోనే ఉంది. ఆ నెల జూలై 22తో ముగిసింది.

లేని 16 పేజీల జిరాక్సు పంపితే చాలని మొదట్లో అనుకున్న మాట నిజమే. ఇది నకిలీ ప్రతి అని తెలిశాక ఆ ఆలోచన మానుకున్నాను. నేను చెల్లించిన 899 రూపాయలు పూర్తిగా తిరిగి ఇవ్వండి, పుస్తకాన్ని మీ ఖర్చుతో తీసుకువెళ్లండి, దీన్ని మీ సైటులో అమ్మినవారి ప్రతికి పెట్టిన ‘అసలు ముద్రణ’ అన్న మాటను మీ సైటు నుంచి తొలగించండి. ఈ లేఖ అందిన 15 రోజుల్లో ఇవి జరగకపోతే, నేను నివసించే చోటనే కేసు వేసే వీలును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కల్పించింది గనుక, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను.

పుస్తకాన్ని మీరు పంపిన కవరులోనే తిరిగి పెట్టి ఉంచాను. పనిదినాల్లో సాయంత్రం 5 గంటల తరువాత మనిషిని పంపితే, రసీదు తీసుకుని అప్పగిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు.

జతపరిచినవి: బిల్లు నకలు, 192వ పేజీ, దాని ఎదుటి పేజీ ఫొటోలు, మీ మూడు జవాబుల నకళ్లు.