మన కాలనీ పెంపుడు జంతువుల సంఘం: వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

కార్యదర్శిగా ఇది నా రెండో నివేదిక. పోయినేడు తేదీలు వేసి వరసగా రాశాను. ఈసారి అలా రాయట్లేదు, ఎందుకంటే ఈ ఏడాది మనం చేసిన పనులన్నీ దాదాపు ఒక్క రాత్రి నుంచే పుట్టాయి. కొత్తగా చేరినవాళ్ళకి ఆ రాత్రి సంగతి తెలియదు కాబట్టి ముందు అది చెప్తాను.

జులైలో ఒక ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర దాటాక మన మూడో లైన్ సభ్యురాలు ఫోన్ చేశారు. రెండున్నర నెలల ల్యాబ్రడార్ కుక్కపిల్ల, పొద్దున్నుంచి వాంతులు, చీకటి పడేసరికి నెత్తురుతో విరేచనాలు. నేనూ, మా ఆవిడా వెళ్ళేసరికి ఆ పిల్ల తువ్వాలులో చుట్టి ఉంది, తల ఎత్తట్లేదు. కారులో వేసుకుని బయల్దేరాం. విశాఖ ఎంవీపీ కాలనీలో రెండు క్లినిక్‌లు మూసి ఉన్నాయి, సీతమ్మధారలో షట్టర్ మీద ఉన్న నంబరుకి చేస్తే ఎత్తలేదు, మద్దిలపాలెం వైపు ఒకచోట వాచ్‌మన్ లేచొచ్చి డాక్టరుగారు పొద్దున్నే వస్తారన్నాడు. చివరికి ఒకచోట తలుపు తీశారు. పార్వో అనే వైరస్ జబ్బుకి టెస్టు చేసి పాజిటివ్ అన్నారు, వెంటనే డిపాజిట్ కట్టమన్నారు. రోజుకి ఎంతవుతుంది, ఎన్ని రోజులు ఉంచాలి అని ఆ సభ్యురాలు మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ ‘చూద్దాం మేడమ్’ అనే సమాధానం వచ్చింది. మూడో రోజు తెల్లవారుజామున పిల్ల చనిపోయింది. డబ్బు పోయినందుకు ఆవిడ బాధపడలేదు, ఆ రెండు రోజుల్లో పిల్లకి ఏమేం చేశారో ఒక్క కాగితం ముక్క కూడా చేతికి రాలేదని బాధపడ్డారు.

తర్వాతి వారం ఆవిడ ఆ పిల్ల వేక్సిన్ కార్డు తెచ్చి చూపించారు. అమ్మినవాళ్ళు ఇచ్చిన కార్డు అది. బాల్ పెన్నుతో రెండు తేదీలు, పక్కన ఏదో గీత, అంతే. అసలు టీకా వేస్తే సీసా మీది చిన్న స్టిక్కర్ ఊడదీసి కార్డులో అంటిస్తారు, దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి, పక్కన డాక్టరుగారి సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో ముద్ర ఉంటాయి. ఈ కార్డులో అవేవీ లేవు. పైగా ‘వేక్సిన్లన్నీ అయిపోయాయి’ అని చెప్పి అమ్మారట. రెండున్నర నెలల పిల్లకి అన్నీ అయిపోవడం అనేదే ఉండదు! తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నన్నాళ్ళూ టీకా సరిగా పట్టకపోవచ్చు, అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. మళ్ళీ ఏడాదికి బూస్టర్. దయచేసి ఈ రాత్రికి మీ ఇంట్లో కార్డు ఒకసారి తీసి చూడండి, స్టిక్కర్లు లేకపోతే వేక్సిన్ పడలేదనే లెక్క వేసుకుని డాక్టరుగారిని అడగండి.

ఇంకో మాట కూడా ఇక్కడే. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మనం రోజూ వాడే ఫినాయిల్‌కి చావదు. ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్ళు కలిపి, కనీసం పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచితేనే పోతుంది. ఆ లైన్లో గచ్చులన్నీ మన కుర్రాళ్ళు అలాగే కడిగారు. అదే లైన్లో మరో మూడు నెలల పిల్ల ఉంది, దానికి టీకాలు వరసగా పడుతున్నాయి, ఏమీ కాలేదు.

ఆగస్టు సమావేశంలో మనం తీర్మానించుకున్నది ఒక్కటే. డాక్టరుని వెతుక్కోవాల్సింది కుక్క బాగా తోక ఊపుతున్న రోజున. ఒంట్లో బాగోలేని రాత్రి మనం వెతికేది డాక్టరుని కాదు, తెరిచి ఉన్న తలుపుని. అందుకని ఏడుగురు సభ్యులం పనులు పంచుకుని గాజువాక నుంచి మధురవాడ దాకా క్లినిక్‌లకి స్వయంగా వెళ్ళాం. అన్నిచోట్లా ఒకే ప్రశ్నలు అడిగాం. రాత్రి కేసు వస్తే చూస్తారా, చూడకపోతే ఎక్కడికి పంపుతారు? అడ్మిట్ చేస్తే రాత్రంతా పక్కన మనిషి ఉంటాడా? రక్త పరీక్ష ఇక్కడే చేస్తారా, బయటి ల్యాబ్‌కి పంపుతారా, ఎన్ని గంటలకి రిపోర్టు వస్తుంది? ఆపరేషన్‌కి మత్తు ఇచ్చినప్పుడు ఆపరేషన్ చేసే డాక్టరు కాకుండా ఇంకొకరు మత్తుని గమనిస్తారా? ఖర్చు అంచనా కాగితం మీద ఇస్తారా? రిపోర్టులు, ఎక్స్‌రేలు మాకిస్తారా?

నిజం చెప్పాలంటే నేను జవాబుల కంటే జవాబు చెప్పిన తీరు ఎక్కువ చూశాను. ఒక డాక్టరమ్మ ‘రాత్రి తొమ్మిది తర్వాత నేను చూడలేనండీ, నాకు చిన్నపిల్ల ఉంది, కానీ ఫోన్ చేస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలో చెప్తాను, వాళ్ళకి కేసు వివరం కూడా నేనే చెప్తాను’ అన్నారు. జాబితాలో ఆవిడ పేరు పైన పెట్టాం. చేతకానిది చేతకాదని చెప్పగలిగిన డాక్టరు దగ్గర మన డబ్బూ వృథా కాదు, జంతువు ప్రాణమూ వృథా కాదు. ఇంకొకచోట ఫ్రిజ్ చూపించమంటే విసుక్కున్నారు. వేక్సిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, మన ఊరి మే నెల ఎండలో జేబులో పెట్టుకొచ్చి ఇంటి దగ్గర వేసే వేక్సిన్ వేయించనట్టే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక ఫ్రిజ్‌లు ఎలా పనికిరాకుండా పోయాయో పాతవాళ్ళకి గుర్తే, కాబట్టి ‘కరెంటు పోతే ఏం చేస్తారు’ అని అడగడంలో తప్పేమీ లేదు.

చదువు సంగతి కూడా అడగండి, మొహమాటపడకండి. బీవీఎస్సీ అండ్ ఏహెచ్ అనేది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళ పశువైద్య డిగ్రీ. ఆ పైన ఎంవీఎస్సీలో సర్జరీ, మెడిసిన్ లాంటివి ఉంటాయి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసేవాళ్ళు మండలిలో రిజిస్టర్ అయి ఉండాలి. పెట్ షాపులో కూర్చుని ఇంజెక్షన్ వేసే కుర్రాడు ఎంత మంచివాడైనా డాక్టరు కాదు. పెద్ద కేసులకి రెండో అభిప్రాయం కావాలంటే మన పక్కనే, విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానిది. రిపోర్టులు మన చేతిలో ఉంటేనే రెండో అభిప్రాయం అనే మాటకి అర్థం, లేకపోతే పరీక్షలన్నీ మళ్ళీ మొదటి నుంచీ చేయించుకోవాలి, రెండుసార్లు డబ్బు.

ఇక ఖర్చు. ఇది మా ఇంటి కథ, పేరుతో సహా చెప్తున్నాను. మా బుజ్జి వీధిలో దొరికిన నాటు కుక్క, తొమ్మిదేళ్ళు. అక్టోబరులో వారం రోజులు సరిగా తినలేదు. వానలు, ఉక్కపోత, అందుకే నీరసంగా ఉందనుకున్నాను. ఎనిమిదో రోజు ముక్కులోంచి సన్నగా నెత్తురు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు గులాబీ రంగులో లేవు, తెల్లగా పాలిపోయి, మధ్య మధ్య ఆవగింజంత ఎర్రటి చుక్కలు. టిక్ ఫీవర్, అంటే పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జబ్బు. సీబీపీలో, అంటే రక్తకణాలు లెక్కించే పరీక్షలో, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. కాలి వేళ్ళ సందుల్లో వెతికితే మూడు పిడుదులు దొరికాయి, ఒకటి సెనగ గింజంత ఉంది. మొదటి రెండు రోజుల్లోనే తీసుకెళ్ళి ఉంటే ఒక రక్త పరీక్ష, మందుల కోర్సుతో అయిపోయేది, నేను ఆలస్యం చేయబట్టి సెలైన్లు, మళ్ళీ మళ్ళీ సీబీపీలు, అయిదు రోజులు రోజూ క్లినిక్‌కి తిరగడం. బిల్లు నాలుగు రెట్లు పెరిగింది, దానికి డాక్టరు కారణం కాదు.

అప్పుడు నేను అడిగిన ప్రశ్న ఒకటి అందరికీ చెప్తున్నాను, ఎందుకంటే అది నిజంగా పనికొచ్చింది: ‘డాక్టరుగారూ, ఇవాళ తప్పనిసరిగా చేయాల్సింది ఏది, రేపటిదాకా చూసి చేయదగ్గది ఏది?’ ఆయన రాసిన ఆరింటిలో రెండు పరీక్షల్ని పక్కన పెట్టి, ముందు మందు ఎలా పనిచేస్తుందో చూద్దాం అన్నారు. చివరికి ఆ రెండూ అక్కర్లేకపోయింది. మన దగ్గర ఎంత ఉందో ముందే చెప్పడం నామోషీ కాదు, ఆ డబ్బులో ఏది ముఖ్యమో ఎంచడానికి ఆయనకీ వీలవుతుంది. టిక్ ఫీవర్‌కి వాడే డాక్సీసైక్లిన్‌కి బ్రాండు పేరు కాకుండా మందు పేరు రాయమంటే రాశారు, జన ఔషధి కేంద్రంలో దొరికింది. ఇరవై ఎనిమిది రోజులు, అన్నంతో కలిపి, ఒక్క రోజు మానకుండా. బుజ్జి ఇప్పుడు బాగుంది. పిడుదుల మందు నెలనెలా తేదీ రాసుకుని వేస్తున్నాం.

ఒక్క హెచ్చరిక. డబ్బు మిగల్చడమంటే ఇంట్లో ఉన్న మాత్ర వేయడం కాదు. పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపేయగలదు. ఐబుప్రొఫెన్ కుక్కలకి కడుపులో పుళ్ళు చేస్తుంది, కిడ్నీలు పాడుచేస్తుంది. కుక్కల మెడ మీద పోసే కొన్ని పిడుదుల మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లులకి విషం, కుక్కకి పోశాక అది ఆరేదాకా పిల్లిని దగ్గరికి రానివ్వకూడదు.

బిల్లు చేతికి వచ్చినప్పుడు విడివిడిగా రాయమనండి, కన్సల్టేషన్ ఎంత, ల్యాబ్ ఎంత, మందులు ఎంత అని. పశువైద్యశాలలో జంతువులకి చేసే వైద్య సేవ మీద జీఎస్టీ మినహాయింపు ఉంది, మందుల మీదా ప్యాకెట్లో అమ్మే కుక్క, పిల్లి తిండి మీదా మాత్రం పన్ను పడుతుంది. కన్సల్టేషన్ మీద పన్ను వేసి ఉంటే మర్యాదగా అడగండి.

ప్రభుత్వ పశువైద్యశాలని చాలామంది ఆవులకీ మేకలకీ అనుకుంటున్నారు. కాదు. మామూలు జబ్బులకి, టీకాలకి అక్కడికి వెళ్ళి వచ్చిన మన సభ్యులు సంతృప్తిగానే ఉన్నారు, పొద్దున్నే వెళ్తే రద్దీ తక్కువ. జులై 6 జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల దినం) నాడు రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. 1885లో పాశ్చర్ మనిషికి తొలిసారి రేబిస్ టీకా ఇచ్చిన రోజది. పోయినేడు మనలో కొందరే వెళ్ళారు, ఈసారి కలిసి వెళ్దాం, ఆటో ఖర్చు సంఘం పెట్టుకుంటుంది. వీధి కుక్కల్ని కూడా వదిలేయకూడదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా చేయించి సాధారణంగా మళ్ళీ అదే చోట వదలాలి, వీధి కుక్కలు ఆరోగ్యంగా ఉంటే మన ఇంటి కుక్కలకీ భయం తగ్గుతుంది.

ఇంటి ఆడకుక్కలకి గర్భసంచి తీసే ఆపరేషన్ గురించి సభ్యుల మధ్య వాదన జరిగింది, నా అభిప్రాయం మార్చుకోలేదు. చేయించండి. చేయించని ఆడకుక్కలకి వయసు మీద పడ్డాక గర్భసంచిలో చీము పట్టడం చాలా మామూలు, అప్పుడు అదే ఆపరేషన్ ప్రాణాపాయంలో, ఎన్నో రెట్ల ఖర్చుతో చేయాల్సి వస్తుంది. ఈ ఏడాది మన దగ్గర ఒక పదేళ్ళ పోమరేనియన్‌కి అలాగే జరిగింది, అదృష్టం బాగుండి బతికింది.

ఇన్సూరెన్స్ గురించి అడిగినవాళ్ళకి క్లుప్తంగా: పాలసీలు ఉన్నాయి, వయసు పరిమితి ఉంటుంది, ముందే ఉన్న జబ్బుకి సాధారణంగా ఇవ్వరు, టీకా కార్డు సరిగా లేకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. చిన్నపిల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

సంఘం అత్యవసర నిధి సెప్టెంబరులో మొదలైంది. ఇంటికి నెలకి వంద రూపాయలు. రాత్రిపూట డిపాజిట్ కట్టాల్సి వస్తే అందులోంచి వడ్డీ లేకుండా ఇస్తాం, ఆరు నెలల్లో తిరిగి కట్టాలి. ఇప్పటిదాకా తీసుకున్నవాళ్ళందరూ గడువు దాటకుండా కడుతున్నారు, ఎవరెవరు తీసుకున్నారో ఇక్కడ రాయను, ఎవరూ అడగొద్దు కూడా. లెక్కల పుస్తకం కోశాధికారి ఇంట్లో ఉంది, ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు. డాక్టర్ల జాబితా ఏప్రిల్‌లో మళ్ళీ సరిచూసి ముద్రిస్తాం, రాత్రి నంబర్లు మారినవి తెలిస్తే చెప్పండి. జాబితాని ఫోన్లో దాచుకుంటే సరిపోదు, ఫ్రిజ్ తలుపుకి అంటించండి, మీరు ఊళ్ళో లేని రోజు ఇంట్లో అమ్మగారో పనమ్మాయో చూసుకునేలా.

చివరిగా, సంఘం డబ్బుతో కొన్న తూకం మా ఇంటి వరండాలో పెట్టాం. పిడుదుల మందు, నులిపురుగుల మందు, మత్తు, అన్నీ బరువుని బట్టే ఇస్తారు, కంటితో చూసి అంచనా వేస్తే చిన్న కుక్కలకి ఎక్కువ పడిపోతుంది. నెలకోసారి తీసుకురండి. తిండి మామూలుగా తింటున్నా బరువు తగ్గుతుంటే అది మనకి కనిపించే ముందే తూకానికి కనిపిస్తుంది. బెల్ కొట్టక్కర్లేదు, గేటు తీసుకుని వచ్చేయండి, గోడకి నోటుబుక్, పెన్ను కట్టి ఉన్నాయి, పేరు, తేదీ, బరువు రాసి వెళ్ళండి. బుజ్జి మొరుగుతుంది, ఏమీ చేయదు.