మారటోరియం అంటే మాఫీ కాదండీ

సంపాదకుడు గారికి,

మొన్న మీ బిజినెస్ పేజీలో విద్యా రుణాల మీద వచ్చిన వ్యాసంలో 'మారటోరియం' అన్న మాట ఏడుసార్లు ఉంది, లెక్కపెట్టాను. దాని అర్థం మాత్రం ఒక్కసారీ రాయలేదు. తెలుగు అక్షరాల్లో వేసేస్తే తెలుగు మాట అయిపోతుందా?

ఈ మాట మీద నాకు పాత కోపం ఉంది. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు అప్పుల కిస్తీలకు మూడు నెలల మారటోరియం ప్రకటించింది, మేలో దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. మా బావమరిది ఆటో నడుపుతాడు. లాక్‌డౌన్‌లో బండి ఇంటిముందు పట్టా కప్పుకుని పడుంది, ఫైనాన్స్ వాళ్ల దగ్గర్నుంచి ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది, టీవీలో పొద్దస్తమానం మారటోరియం మారటోరియం అంటున్నారు. ఎన్నికల పుణ్యమా అని రుణమాఫీ మనందరికీ కంఠతా వచ్చు కదా, ఇదీ 'మా'తోనే మొదలైంది, ఆ మాఫీకే ఇంగ్లీషు పేరనుకున్నాడు. "బావా, ఆరు కిస్తీలు కొట్టేశారంట!" అని సంబరంగా ఫోన్ చేశాడు. నేనూ నిజమే కాబోలు అనుకున్నాను, అబద్ధమెందుకు.

తీరా చూస్తే లక్షన్నర బాకీ, నూటికి రూపాయి వడ్డీ. ఆ ఆరు నెలలూ వడ్డీ నడుస్తూనే ఉంది, దాన్ని తీసుకెళ్లి అసలులో కలిపారు, బాకీ తొమ్మిది వేల పైన పెరిగింది. 36 కిస్తీలతో తీరాల్సింది 39 అయ్యాయి. వడ్డీ మీద వేసిన వడ్డీని 2 కోట్ల లోపు అప్పులవాళ్లకు కేంద్రం ఆ ఏడాదే వెనక్కి ఇప్పించింది లెండి, మావాడి ఖాతాలో రెండు వందల చిల్లర పడింది.

లాటిన్‌లో ఆలస్యం చేయడమనే మాట నుంచి పుట్టిందిది. కొన్నాళ్లు ఆపి ఉంచడం, అంతే, రద్దు కాదు. ఎవరికి ఏది ఆగిందన్నది సందర్భాన్ని బట్టి. అదే మార్చి 5న యెస్ బ్యాంకు మీద పెట్టిందీ మారటోరియమే, అక్కడ ఆగింది మన కిస్తీ కాదు, మన డబ్బు. 18న ఎత్తేసేదాకా ఖాతాదారులు 50 వేలకు మించి తీసుకోవడానికి వీల్లేకపోయింది. 1998 పోఖ్రాన్ తర్వాత ఇక అణు పరీక్షలు జరపబోమని మన దేశం తనకు తానే పెట్టుకున్నదాన్ని కూడా ఇలాగే అంటారు. ఇన్ని వేషాలున్న మాటను విప్పి చెప్పకుండా వదిలేస్తే ఎలా?

ఇప్పుడు పిల్లల్ని అమెరికా పంపే తల్లిదండ్రుల వంతు. చదువయ్యాక ఇంకో ఏడాది దాకా ఏమీ కట్టక్కర్లేదు అంటారు బ్యాంకులో. కట్టక్కర్లేదన్నది నిజమే, కానీ వెయిటింగ్‌లో పెట్టిన ఆటో మీటరులా వడ్డీ తిరుగుతూనే ఉంటుంది. ఇరవై లక్షలు ఒకేసారి తీసుకుంటే, పది శాతం బారువడ్డీ వేసుకున్నా మూడేళ్లకు ఆరు లక్షలు.

ఆ మాట వాడొద్దని నేననడం లేదు, బ్యాంకు కాగితాల్లో అదే ఉంటుంది కాబట్టి జనానికి అదీ తెలియాలి. పక్కనే 'కిస్తీ వాయిదా, వడ్డీ ఆగదు' అని నాలుగు మాటలు వేయండి. అన్నట్టు స్పెల్లింగ్ కూడా ఒకటే ఖాయం చేసుకోండి, ఒకరోజు మారటోరియం, ఇంకోరోజు మొరటోరియం, ఈ రెండోది మొరటుకు చుట్టంలా ఉంది. వ్యాసం రెండో భాగం వచ్చే వారం అన్నారుగా, మొదటి పేరాలోనే ఆ నాలుగు మాటలు పడేలా చూడండి.

— ఒక పాఠకుడు, ఖమ్మం