ఒక్క ఇంజెక్షన్ కాదది

సంపాదకులకు,

‘మెదడువాపుకు ఒక్క ఇంజెక్షన్‌తో చెక్’ అని కార్-టీ అనే చికిత్స గురించి ఆదివారం మీరు వేసిన వార్తను మా అమ్మాయి కత్తిరించి దాచుకుంది. ‘అమ్మా, ఇది నాకెప్పుడు వేయిస్తావ్?’ అనడిగింది. అందుకే ఈ ఉత్తరం.

మెదడువాపు అనగానే అందరూ వైరస్ జ్వరమే అనుకుంటారు. మా అమ్మాయిది అది కాదు. ఒంట్లో పుట్టిన యాంటీబాడీలే మెదడు కణాలు సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టార్ల మీద పడ్డాయి. డాక్టర్ జోసెప్ డాల్మౌ బృందం ఈ జబ్బు గుట్టు విప్పింది 2007లోనే. మా అమ్మాయి రెండు రాత్రులు అసలు నిద్రపోలేదు. మూడో రోజు, గోడ అవతల తన గురించే మాట్లాడుకుంటున్నారంది. సైకియాట్రీ వార్డులో చేర్చారు. నోట్లో ఏమీ లేకపోయినా దవడ నములుతున్నట్టే ఆడుతుంటే, తొమ్మిదో రాత్రి ఓ నర్సు గమనించి న్యూరాలజీ డాక్టర్‌ని పిలిచింది. వెన్నులో నీరు తీసి పరీక్షిస్తే బయటపడింది. ఆ యాంటీబాడీలను రేపే టెరటోమా అనే చిన్న గడ్డ అండాశయంలో ఉంటే తీసేశారు. తర్వాత స్టీరాయిడ్లు, ప్లాస్మా మార్పిడి, రిటుక్సిమాబ్ అనే మందు. కోలుకుంది గానీ ఆ నెల్లాళ్లూ తనకేమీ గుర్తులేదు.

ఇక మీరు రాసిన కార్-టీ. అదేమీ సీసాలో దొరికే మందు కాదు. రోగి రక్తంలోంచే టీ కణాలు (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు) తీసి, ల్యాబ్‌లో వాటికి కొత్త జన్యువు ఎక్కిస్తారు. ముందు కీమో ఇచ్చి, ఆ తర్వాతే వాటిని తిరిగి ఒంట్లోకి పంపుతారు. అవి సీడీ19 అనే గుర్తు ఉన్న బీ కణాలను, అంటే యాంటీబాడీలు చేసే కణాల మూలాన్ని, వెతికి చంపుతాయి. లుకేమియాకు, అంటే రక్త క్యాన్సర్‌కు, దీన్ని అమెరికా 2017లోనే అనుమతిచ్చింది. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద పడే లూపస్ జబ్బున్న ఐదుగురికిస్తే ఐదుగురికీ తగ్గిందని 2022లో ప్రకటించారు. మా అమ్మాయి జబ్బుకు బెర్లిన్ వాళ్లు వేసిన ఎత్తు ఇంకా బాగుంది. రిసెప్టార్ ముక్కనే టీ కణానికి ఎరగా తగిలించి, ఆ చెడ్డ యాంటీబాడీని చేసే బీ కణాలనే పట్టిస్తారు. తక్కినవాటి జోలికి పోరు. అయితే 2023లో వాళ్లు ఫలితం చూపించింది ఎలుకల్లో.

ఈ చికిత్సతో తీవ్రమైన జ్వరం రావచ్చు, బీపీ పడిపోవచ్చు, మతి తప్పొచ్చు, ఫిట్స్ రావచ్చు. అసలే దెబ్బతిన్న మెదడు! దీని గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. ఈ జబ్బుకు ఇది ఇంకా ట్రయల్స్ దశ దాటలేదనీ రాయలేదు. ఆ రెండూ వేయండి. వీలైతే దవడ సంగతి కూడా వేయండి, ఇంకో ఇంట్లో తొమ్మిది రోజులు వృథా కాకుండా.

అమ్మాయికి ఇదంతా చెప్పాను. కటింగ్ వెనక ‘ఎలుకలు, 2023’ అని రాసుకుని మళ్లీ ఫైల్లో పెట్టుకుంది.

– ఒక తల్లి