డెక్ మీద డిష్ బానే ఉంది, కింద వైఫై ఏది?

సంపాదకులు గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో సముద్రం మీద శాటిలైట్ ఇంటర్నెట్ గురించి వేసింది చదివాను. బానే రాశారు, ఇప్పుడు నడిసముద్రంలో కూడా వీడియో కాల్ మాట్లాడుకోవచ్చు అన్నది నిజమే, కానీ అది చదివితే ఒక డిష్ కొని పైన బిగిస్తే చాలు, యాట్ (విలాసాల షికారు నౌక) మొత్తం నెట్ వచ్చేస్తుంది అనిపిస్తుంది. నేను యాట్‌లలో నెట్‌వర్క్, వైఫై వేసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. నా దగ్గరికొచ్చే కంప్లయింట్లలో శాటిలైట్ తప్పు ఉండేది బాగా తక్కువ, గొడవంతా డిష్ దగ్గర్నుంచి కింద కేబిన్‌లో ఫోన్ దాకా ఉన్న ఆ కాస్త దూరంలోనే. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అలాగ.

ఇదివరకు ఒక సౌకర్యం ఉండేది, ఏది స్లో అయినా శాటిలైట్ మీదకి తోసెయ్యొచ్చు. పాత రకం శాటిలైట్లు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, డేటా అక్కడిదాకా పోయి రావడానికే అర సెకను పైన పడుతుంది, కాబట్టి అందరూ నమ్మేవాళ్ళు. 2022లో స్టార్‌లింక్ వాళ్ళు ఓడలకి కూడా సర్వీస్ మొదలుపెట్టాక, వాళ్ళ శాటిలైట్లు ఆరొందల కిలోమీటర్ల లోపు ఎత్తులోనే ఉండి డేటా చిటికెలో పోయి వస్తుంది కాబట్టి, ఆ సాకు పోయింది. లోపల వైరింగ్ ఎంత అధ్వాన్నంగా ఉందో ఇప్పుడు బయటపడుతోంది.

అసలు యాట్ ఇల్లు లాంటిది కాదు. స్టీల్ గోడలు, అల్యూమినియం గోడలు, తలుపు మూస్తే ఆ గది ఒక ఇనుప డబ్బా. కార్బన్ ఫైబర్ చూడ్డానికి ప్లాస్టిక్ లాగే ఉంటుంది గానీ దాంట్లో కరెంటు పారుతుంది, అది కూడా సిగ్నల్‌ని ఆపేస్తుంది. నీళ్ళ ట్యాంకులు, నిలువుటద్దాలు, ఇవన్నీ అడ్డే. దీనికి చాలామంది చేసేదేంటంటే పెద్ద పవర్ ఉన్న రౌటర్ ఒకటి తెచ్చి సెలూన్‌లో, అంటే యాట్‌లోని పెద్ద హాల్లో పెట్టేస్తారు, కేబిన్‌లో ఫోన్ మీద గీతలన్నీ నిండుగా కనబడతాయి కానీ పేజీ తెరుచుకోదు. ఎందుకంటే రౌటర్ మైకులో అరుస్తోంది, మన ఫోన్ గొంతుతో జవాబు చెప్తోంది, దీని మాట దానికి వినబడట్లేదు. రెండు మూడు కేబిన్లకి ఒక చిన్న యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే డబ్బా) పెట్టి, పవర్ తగ్గించి, ఒక్కోదానికి కేబుల్ లాగి కలిపితే ఆ బాధ ఉండదు. కేబుల్ ఎందుకండీ మెష్ (కేబుల్ లేకుండా ఆ డబ్బాలు గాల్లోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) పెట్టెయ్యండి అంటారు కొందరు, ఫోన్ సిగ్నలే దాటలేని స్టీల్ గోడని మెష్ సిగ్నల్ మాత్రం ఎలా దాటుతుంది చెప్పండి.

ఒక్క కేసు చెప్తాను. ఒక యాట్‌లో పోర్టు దగ్గరికి రాగానే వైఫై మొత్తం మాయమైపోయేది, అరగంటకో గంటకో దానంతటదే వచ్చేది. నాకంటే ముందు వచ్చినాయన రెండు యాక్సెస్ పాయింట్లు మార్చాడు, అయినా అంతే. కెప్టెన్ గారు మన రాడారే పాడుచేస్తోంది అని గట్టిగా అనుకున్నారు. ఇంజినీర్ కుర్రాడు మాత్రం ఒక మంచి పని చేశాడు, ఇంజిన్ రూమ్ లాగ్ షీట్ వెనకాల పెన్సిల్‌తో వైఫై పోయిన టైము, అప్పుడు యాట్ ఎక్కడుందో రాసి పెట్టాడు. చూస్తే అన్నీ ఒకే తీరం దగ్గర. మన రాడార్ నడిసముద్రంలో కూడా తిరుగుతూనే ఉందిగా, అప్పుడు పోని వైఫై ఇప్పుడే ఎందుకు పోతోంది? పైగా యాట్ మీది రాడార్ పనిచేసేది 9.4 గిగాహెర్ట్జ్ దగ్గర, వైఫై 5 గిగాహెర్ట్జ్ దగ్గర, దాని దారి వేరు దీని దారి వేరు. సెట్టింగ్స్ తెరిచి చూశాను, ఎవరో ఖాళీగా ఉన్నాయి కదా అని వైఫై వాడుకునే దారుల్లో 120, 124, 128 చానెళ్ళు మాత్రమే టిక్ పెట్టారు. అవి ఖాళీగా ఎందుకున్నాయంటే అక్కడే తీరం మీది వెదర్ రాడార్లు పనిచేస్తాయి. రాడార్ వినబడితే వైఫై వెంటనే నోరు మూసుకోవాలి, ఆ చానెల్‌ని అరగంట దాకా ముట్టుకోకూడదు, అది రూలు. యాక్సెస్ పాయింట్ పాపం రూలు ప్రకారమే పోయింది. 36, 44 చానెళ్ళకి మార్చాను, అయిదు నిమిషాల పని, మళ్ళీ ఆ కంప్లయింట్ రాలేదు.

మెరీనా (యాట్‌లు కట్టేసే చిన్న రేవు) వైఫైతో ఇంకో తమాషా. మెరీనా వాళ్ళ నెట్‌వర్క్ అడ్రసులు 192.168.1తో మొదలవుతాయి, మన రౌటర్ కూడా డబ్బాలోంచి తీసినప్పటి 192.168.1లోనే ఉంటుంది, రెండూ ఒకటే అయ్యేసరికి ఏది లోపల ఏది బయట అన్నది రౌటర్‌కి తెలీదు, కనెక్టెడ్ అని చూపిస్తుంది కానీ ఏదీ రాదు. యాట్ లోపల ఎవరూ వాడని అడ్రసు పెట్టుకుంటే పోయేదానికి రోజంతా కొట్టుకుంటారు.

కరెంటు సంగతి. షోర్ పవర్ (రేవు నుంచి తీసుకునే కరెంటు) నుంచి జనరేటర్‌కి మార్చేటప్పుడు ఒక్క క్షణం కరెంటు పోతుంది, లైట్లు మినుక్కుమంటే ఎవరూ పట్టించుకోరు, కానీ రౌటర్, స్విచ్, మోడెమ్ మూడూ రీస్టార్ట్ అయ్యి కుదురుకునేసరికి చాలాసేపు నెట్ ఉండదు. బ్యాటరీ బ్యాంక్ 12 వోల్టులో 24 వోల్టులో ఎలాగూ ఉంది, మంచి డీసీ కన్వర్టర్ పెట్టి వీటిని నేరుగా దాని మీదే నడిపిస్తే ఈ గోల ఉండదు, యాక్సెస్ పాయింట్లకి కరెంటు కూడా నెట్ వచ్చే ఈథర్నెట్ కేబుల్ లోంచే పంపించొచ్చు.

ఇక ఉప్పు గాలి. పైకి కేబుల్ కొత్తగానే ఉంటుంది, ప్లగ్ పీకి టార్చి వేసి చూస్తే ఎనిమిది పిన్నుల్లో రెండు పచ్చగా చిలుం పట్టి ఉంటాయి, గిగాబిట్ లింక్ 100 మెగాబిట్‌కి, అంటే పదో వంతుకి పడిపోయి నెలలైనా ఎవరికీ తెలీదు. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ చవకగా వస్తుందని వేస్తారు, అది సముద్రం మీద పనికిరాదు. మాస్ట్ (పైన ఉండే స్తంభం) మీద యాంటెన్నా పెట్టి కింద దాకా కోయాక్స్ (కేబుల్ టీవీకి వాడే లాంటి యాంటెన్నా వైరు) లాగడం కూడా నాకు నచ్చదు, మంచి లావుపాటి కేబుల్ అయినా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 15 మీటర్లకి సగం పవర్ తినేస్తుంది. రేడియోని పైన యాంటెన్నా పక్కనే పెట్టి కిందకి ఈథర్నెట్ దించితే 100 మీటర్ల దాకా బెంగ లేదు.

గెస్టుల ఫోన్లు, టీవీలు, బ్రిడ్జి (యాట్ నడిపే గది) మీద సముద్రపు మ్యాపులు చూపే చార్ట్ కంప్యూటర్ అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న యాట్‌లు ఇప్పటికీ చూస్తున్నాను, ఇది మాత్రం నాకు నిజంగా భయం వేస్తుంది. 2013లో టెక్సాస్ యూనివర్సిటీ వాళ్ళు 65 మీటర్ల యాట్‌ని, పర్మిషన్ తీసుకునే లెండి, నకిలీ జీపీఎస్ సిగ్నల్‌తో దారి తప్పించి చూపించారు. అది వైఫై గుండా చేసింది కాదు, కానీ బ్రిడ్జి మీద పరికరాలు వచ్చిందల్లా ఎంత గుడ్డిగా నమ్ముతాయో తెలిసింది కదా. వీల్యాన్లు (ఒకే వైరింగ్ మీద వేరువేరు నెట్‌వర్కులు) పెట్టి గెస్టులకి ఒకటి, క్రూకి ఒకటి, నావిగేషన్‌కి ఒకటి విడగొట్టడం పెద్ద ఖర్చు కూడా కాదు, స్విచ్‌లో ఆ సదుపాయం చాలాసార్లు ముందే ఉంటుంది, ఎవరూ ఆన్ చెయ్యరు అంతే.

ఈసారి శాటిలైట్ గురించి వేసినప్పుడు కింద వైరింగ్ గురించి కూడా నాలుగు ముక్కలు వెయ్యండి. ఆ కుర్రాడు పెన్సిల్‌తో రాసిన లాగ్ షీట్ ఇంకా నా టూల్ బ్యాగ్‌లోనే ఉంది, కావాలంటే ఫోటో తీసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు