బీల, తంపర భూములకు రక్షణ కావాలి

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో తుఫాను మాటెత్తితే నేటికీ 2018 అక్టోబరు 11 నాటి తిత్లీయే ముందు గుర్తుకొస్తుంది. మొవ్వు విరిగి మోడులైన కొబ్బరిచెట్లనూ, వేళ్లతో సహా పడిపోయిన జీడితోటలనూ చూసినవారికి, కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఎన్నేళ్లు ఆగాలో వేరే చెప్పనక్కరలేదు. ఫలానా తుఫానుకు ఫలానా పొగగొట్టమే కారణమని వేలెత్తి చూపలేం, నిజమే. అయితే పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్, ప్రధానంగా బొగ్గూ చమురూ తగలబెట్టడం వల్ల ఇప్పుడు 420 పాళ్లు దాటింది. ఇలాంటి వాయువుల వల్ల భూమిపై పోగుపడిన అదనపు వేడిలో సుమారు 90 శాతం సముద్రాల్లోకే చేరుతోంది. వేడెక్కిన సముద్రమే తుఫానుకు బలం. పైగా గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అందులో ఇమిడే తేమ దాదాపు 7 శాతం పెరుగుతుంది కాబట్టి, వాన కూడా కుండపోతగానే కురుస్తుంది.

ఈ విషయంలో మన జిల్లా చేతిలో ఉన్నవి సోంపేట బీల, కాకరాపల్లి తంపర భూములు, అంటే ఏటా నీరు నిలిచే చిత్తడి నేలలు. నీట నానే మట్టిలో ఆకులూ వేళ్లూ గాలి తగలక నెమ్మదిగా కుళ్లుతాయి గనుక వాటి కర్బనం చాలాకాలం నేలలోనే నిలుస్తుంది. నీరు తోడేసి చదును చేస్తే అదే కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. చిత్తడి నేలల నుంచి మీథేన్ వస్తుందన్న అభ్యంతరం సరైనదే. కానీ మీథేన్ గాలిలో దాదాపు పుష్కరకాలం ఉంటే, కార్బన్ డయాక్సైడ్‌లో కొంతభాగం శతాబ్దాల తరబడి ఉండిపోతుంది.

ఈ భూముల్లో బొగ్గు విద్యుత్ కేంద్రాలు వద్దన్నందుకు 2010 జులైలో సోంపేటలోనూ, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ పోలీసు కాల్పులకు జనం బలయ్యారు. ఆనాడు రైతులూ మత్స్యకారులూ అడిగింది తమ నీరూ, పంటా, చేపలే అయినా, వారి పోరాటం వల్ల కలిగే మేలు జిల్లాకంతటికీ చెందుతుంది. అందుకు మనమంతా వారికి రుణపడి ఉన్నాం.

2017 నాటి చిత్తడి నేలల పరిరక్షణ నిబంధనల ప్రకారం, చిత్తడి నేలగా ప్రభుత్వం అధికారికంగా ప్రకటించిన (నోటిఫై చేసిన) చోట నేల పూడ్చడానికీ పరిశ్రమలు పెట్టడానికీ వీల్లేదు. ఈ రెండు చోట్లా మిగిలిన ప్రతి ఎకరానికీ ఆ రక్షణ అందాలి. జిల్లా యంత్రాంగం స్థానిక రైతులనూ మత్స్యకారులనూ వెంటబెట్టుకుని వానాకాలంలో, నీరు నిండుగా ఉన్నప్పుడే సర్వే జరపాలనీ, సర్వే నంబర్లను గ్రామ సచివాలయాల్లో అందరికీ కనబడేలా పెట్టాలనీ, అది పూర్తయ్యేదాకా అక్కడ ఏ భూమినీ మరో అవసరానికి మళ్లించవద్దనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా